మహేందర్ పోయిండు

నిజాంపేట,
1 జూన్ 2025, ఆదివారం

చిన్నమ్మా,

నిన్న ఫోన్లో నేను "చెవిలో కొత్త మిషన్ పెట్టుకున్నావా?" అని అడిగితే, నువ్వు "కొత్తిమీరా? ఈ ఎండలకు ఏడ మొలుస్తది బిడ్డా?" అన్నావు. పక్కనున్న మా ఆఫీసు తేజస్విని నవ్వలేక చచ్చింది. కాబట్టి నువ్వు చెప్పిన పద్ధతే ఖాయం చేద్దాం. కాగితం మీద రాయడం, ఫొటో తీయడం, వాట్సాప్‌లో పంపడం. సిరిసిల్లలో నీకు, ఇక్కడ నాకు అరవాల్సిన పని తప్పుతుంది.

హైటెక్ సిటీలో నా పని ఏమిటో ఇంతవరకూ అర్థం కాలేదన్నావు. చెప్తా విను. నెలవంక ఆరోగ్య బీమా కంపెనీకి జనం రోజూ వేల ఉత్తరాలు పంపుతారు. చిరునామా మార్చండనీ, పాప పేరు చేర్చండనీ, డబ్బు రాలేదనీ. ఆ ఉత్తరాలన్నీ చూసి, పని పూర్తిచేసి పంపడం మా ఆఫీసు వంతు.

మూడేళ్లుగా మా దగ్గర ఒక గుమాస్తా ఉన్నాడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. టీ అడగడు, సెలవు అడగడు. కానీ బుర్ర సున్నా. ఫారంలో పేరు ఉండాల్సిన గడిలో ఫోన్ నంబరు ఉంటే ఇక అక్కడే నిలబడిపోతాడు. ఇప్పుడు వాడికి తోడుగా ఒక పంతుల్ని తెచ్చాం. పంతులు బాగా చదువుకున్నవాడు. తెలుగు, హిందీ, ఇంగ్లిషు కలగాపులగంగా రాసినా చదివి, ఇదీ సంగతి అని చెప్పేస్తాడు. అయితే పంతులుకు చేతులు లేవు. అందుకని పంతులు చదువుతాడు, గుమాస్తా చేస్తాడు. ఆ ఇద్దరినీ జత కలిపే పని నాది. ఆఫీసులో అందరి కళ్లూ ఇప్పుడు నా మీదే ఉన్నాయి.

చిన్నాయనను ఎండలో మోటార్లు విప్పొద్దని చెప్పు.

నీ రోహిణి


సిరిసిల్ల,
4 జూన్ 2025

బిడ్డ రోహిణికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మీ చిన్నాయనకు కూడా చదివి వినిపించాను. ఆయన మోటారు విప్పుతూనే విన్నాడు. పంతులు సంగతి వినగానే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, "అయ్యో, చేతుల్లేకుండ అంత చదువు చదివిండా" అన్నాడు.

అతనికి సదరం సర్టిఫికెట్ ఉందో లేదో అడుగు. లేకపోతే చెప్పు, నేను నర్సుగా చేసినన్నాళ్లూ ఎంతమందిని వికలాంగుల క్యాంపులకు తీసుకుపోయానో నీకు తెలుసు. అతనిది ఏ ఊరు? పెండ్లయిందా? నిన్ను చేసుకొమ్మని అనడం లేదు, ఊరికే అడుగుతున్నాను. ఆ గుమాస్తాతో మాత్రం జర మంచిగా మాట్లాడు. బుర్ర లేదు, బుర్ర లేదు అంటే ఎవరికైనా బాధ అనిపిస్తుంది. సెలవు కూడా తీసుకోకుండా చేస్తున్నాడంటే ఇంట్లో ఏం పరేషాన్ ఉందో.

ఇంకో మాట. మా వాడకట్టులో యాదమ్మ అని ఉంది, బీడీలు చుడుతుంది. భర్త మహేందర్ సాంచాల మీద బట్ట నేసేవాడు. ఇక్కడ సగం సాంచాలు మూతబడేసరికి పోయిన నెల పన్నెండో తారీఖున భీవండి పోయాడు. వాళ్లకు ఉన్నది మీ నెలవంక బీమానే. కాగితాలూ మెసేజీలూ అన్నీ ఆయన పాత నంబరుకు పోతున్నాయట, ఆ సిమ్ము ఇప్పుడు లేదు. యాదమ్మ నంబరుకు మార్పించాలంటే ఎన్ని రోజులు పడుతుంది? పోయినేడు ఇటువంటిదే రాస్తే రెండు నెలలు పట్టిందట.

నీ చిన్నమ్మ
సత్తెమ్మ


నిజాంపేట,
8 జూన్ 2025, ఆదివారం

చిన్నమ్మా,

నీ ఉత్తరాన్ని ఆఫీసులో అందరికీ చూపించాను. కోప్పడకు. పంతులు మనిషి కాదు, గుమాస్తా కూడా మనిషి కాదు. ఇద్దరూ కంప్యూటర్లో ఉండే ప్రోగ్రాములే. అవి మేము పెట్టుకున్న ముద్దుపేర్లు. మనం మౌసు పట్టుకుని తెర మీద ఇక్కడ నొక్కి, అక్కడ నింపి, మళ్లీ ఇంకోచోట నొక్కుతాం కదా, గుమాస్తా అదే పని రాసిచ్చిన నియమాల ప్రకారం చేస్తుంది. పంతులు ఈమధ్య అందరూ చెప్పుకుంటున్న ఏఐ. మనిషి రాసిన మాటలు చదివి, అర్థం ఏమిటో చెబుతుంది. సదరం క్యాంపు అక్కర్లేదు, పెండ్లి అసలే అక్కర్లేదు.

యాదమ్మకు చెప్పు, ఇప్పుడు రెండు నెలలు కాదు, ఒక్క రోజు! పొద్దున ఉత్తరం వస్తే సాయంత్రానికి పని అయిపోతుంది. ఎట్లాగంటే, పంతులు ఉత్తరం చదివి ఇది చిరునామా మార్పు, ఇది పేరు చేర్చడం, ఇది మరణం, ఇది ఫిర్యాదు అని తేలుస్తుంది. తన మీద తనకు ఎంత నమ్మకమో నూటికి ఇంత అని కూడా చెబుతుంది. మొదట్లో ఆ తేల్చినదాన్ని తేజస్విని వాళ్ల ఆరుగురు ఒక్కొక్కటీ సరిచూసేవాళ్లు. అక్కడే ఆలస్యం. అందుకని నేను ఒక నియమం రాశాను. నమ్మకం తొంభై దాటితే మనిషి చూడక్కర్లేదు, నేరుగా గుమాస్తా చేతికి పోవచ్చు. ఆ ఆరుగురినీ వేరే పనికి మార్చారు.

మా మేనేజరు దినేశ్ గారు భీమవరం మనిషి. మామూలుగా ఎవరినీ మెచ్చుకోరు. మొన్న నా కుర్చీ దగ్గరకు వచ్చి, "అదరగొట్టేశారండీ రోహిణి గారూ! వచ్చే నెల పదిన నెలవంక వాళ్లొస్తున్నారు. వాళ్ల ముందు ఇది మీరే చూపించాలి. తర్వాత ఈ ఫ్లోరంతా మీదేనండీ" అన్నారు. ఆ రోజు నేను క్యాంటీన్లో రెండు డబుల్ కా మీఠా తిన్నాను.

నీ రోహిణి


సిరిసిల్ల,
26 జూన్ 2025

రోహిణికి,

నిన్న మా వాడకట్టులో జరిగింది రాస్తున్నాను, నిదానంగా చదువు.

పొద్దున పది దాటింది. నేను పప్పు కడుగుతున్నాను. నాకు చప్పుడు ఏమీ వినపడలేదు, కిటికీలోంచి జనం ఉరుకుతుంటే చూశాను. నేనూ చేతులు తుడుచుకుని ఉరికాను. యాదమ్మ గడపలో కూలబడి ఉంది. చాట బోర్లాపడి బీడీ ఆకంతా నేల మీద చెల్లాచెదరైంది. గుండెలు బాదుకుంటోంది. ఏమైందని అడిగితే పక్కింటామె యాదమ్మ ఫోన్ నా మొహం ముందు పెట్టింది. నెలవంక వాళ్ల మెసేజ్. "మీ భర్త శ్రీ మహేందర్ గారి మరణానికి మా ప్రగాఢ సంతాపం" అని ఉంది.

కొత్త నంబరుకు ఫోన్ చేస్తే మహేందర్ ఎత్తడం లేదట, అప్పటికి ఇరవైసార్లు చేశారు. ఆడవాళ్లందరూ ఏడుస్తున్నారు. ఎవరో గాజుల సంగతి కూడా ఎత్తారు. నాకు ఒళ్లు మండింది.

"ఎవరు చూసిన్రు? ఏ దవాఖాన్ల? సర్టిఫికెట్ ఎవరు రాసిన్రు?" అని గట్టిగా అడిగాను. భీవండిలో మహేందర్ పనిచేసే షెడ్డు యజమాని నంబరు యాదమ్మ గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. ఫోన్లో మాటలు నాకు వినపడవు కాబట్టి వీడియో కాల్ చేయించాను. ఆ సేటు ఫోన్ పట్టుకుని సాంచాల మధ్యకు నడిచాడు. దూది పట్టిన జుట్టుతో మహేందర్ తెర మీదికి వచ్చాడు. మా వైపు చూసి, "ఏందే, గింతమంది ఎందుకు జమైన్రు? ఏమైంది?" అన్నాడట.

యాదమ్మ ఫోన్ రెండు చేతులతో పట్టుకుని కాసేపు చూసింది. తర్వాత ఏమన్నదో తెలుసా? "సచ్చినోడా! ఫోనెందుకెత్తవ్?"

అందరూ నవ్వారు. యాదమ్మ మాత్రం సాయంత్రం దాకా బీడీ ఆకు ముట్టలేదు. నేనే పక్కన కూర్చుని అన్నం తినిపించాను.

ఇప్పుడు నీకు నా ప్రశ్న. నువ్వు ఒక్క రోజు అన్నావని, ఇరవై నాలుగో తారీఖున యాదమ్మ చెబుతుంటే ఆ ఉత్తరం నేనే రాసి, యాదమ్మ ఫోన్లోనే ఫొటో తీసి మీ కంపెనీకి పంపించాను. నంబరు మార్చండని రాశాను. మీ పంతులు ఏం చదివింది బిడ్డా?

సత్తెమ్మ చిన్నమ్మ


నిజాంపేట,
27 జూన్ 2025

చిన్నమ్మా,

నీ ఉత్తరం చూసి ఆఫీసులో వెతికాను. నువ్వు పంపింది దొరికింది. నీ అక్షరాలే. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను చూడు:

"మా ఆయన మహేందర్ పోయిన నెల పన్నెండు నాడు పోయిండు. ఆయన నంబరు ఇగ పనిచేయదు. ఇగ మీదట కాగితాలు, మెసేజీలు అన్ని నాకే పంపాలె. ఇట్లు యాదమ్మ."

ఇది చదివితే ఎవరైనా ఏమనుకుంటారు? పంతులు నూటికి తొంభై ఆరు నమ్మకంతో మరణం అని తేల్చింది. గుమాస్తా మహేందర్ పేరు మూసేసి, సంతాపం మెసేజ్ పంపింది. వాటికి రాసిచ్చిన నియమం అదే. ఇందులో మిషన్ తప్పేముంది చిన్నమ్మా? "భీవండి" అనే ఒక్క మాట నువ్వు రాసి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. రోజుకు నాలుగు వేల ఉత్తరాలు వస్తాయి. ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు రాలేదు.

సరిచేయమని ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. రెండు రోజుల్లో అయిపోతుంది, ఫికర్ చేయకు. పదో తారీఖు దగ్గరకొస్తోంది. నాకు ఇక్కడ అన్నం తినే తీరిక కూడా లేదు.

రోహిణి


సిరిసిల్ల,
2 జూలై 2025

రోహిణికి,

నువ్వు చెప్పిన రెండు రోజులు అయిదు రోజులయ్యాయి.

ఆ మెసేజ్ తర్వాత యాదమ్మ మనసు కుదుటపడక, మహేందర్ సెలవు పెట్టి ఆదివారం ఊరికి వచ్చాడు. బస్సు దిగి నడిచే నడకలోనే నాకు తేడా కనిపించింది, కొద్దిగా వంగి, ఒక చెయ్యి గజ్జల దగ్గర పెట్టుకుని నడుస్తున్నాడు. లోపలికి తీసుకుపోయి చూశాను. హెర్నియా. నాలుగు నెలలుగా దాచుకుని బరువులు మోస్తున్నాడు. కరీంనగర్ తీసుకుపోయాం. డాక్టరు, "పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తది. సోమవారం ఆపరేషన్ చేద్దాం" అన్నాడు.

బీమా కార్డు కౌంటర్లో ఇచ్చాం. ఆ అమ్మాయి తెర వైపు చూసి, "ఈ కార్డు మనిషి చనిపోయినట్టు ఉందండీ" అంది.

మహేందర్, "నేనే మేడం ఆ మనిషిని" అన్నాడు.

ఆ అమ్మాయి ఆయన వైపు చూసింది, మళ్లీ తెర వైపు చూసింది. "కంపెనీ నుంచి రాయించుకొని రండి" అని కార్డు వెనక్కి ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మహేందర్ ఆ కార్డునే తిప్పి తిప్పి చూశాడు. దిగేముందు, "నర్సమ్మా, కాగితం మీద సచ్చినోడు కూలికి పోవచ్చునా?" అని అడిగాడు. నవ్వించడానికే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

నేను సరిగ్గా రాయలేదన్నావు. యాదమ్మ చెప్పింది చెప్పినట్టే రాశాను. ఆయన ఎక్కడికి పోయాడో మా వాడకట్టులో చిన్నపిల్లలకు కూడా తెలుసు కాబట్టి ఊరి పేరు నాకు తట్టలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఒక సంగతి విను. ముప్పై ఒక్క ఏండ్లు నేను ఊళ్లల్లో జనన మరణాలు రాశాను. ఒకసారి తంగళ్లపల్లిలో ఒక ముసలాయన పోయాడని ఊరంతా చెప్పింది. సర్పంచ్ కూడా చెప్పాడు. రాసుకో అన్నారు. నేను వానలో రెండు కిలోమీటర్లు నడిచి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు! పోయింది పక్క ఊర్లో ఉన్న ఆయన తమ్ముడు. మనిషిని చూడకుండా నేను ఒక్క చావు కూడా రాయలేదు రోహిణీ.

మీ దగ్గర చూసేవాళ్లు ఆరుగురు ఉండేవాళ్లని నువ్వే రాశావు. వాళ్లను తీసేసింది కూడా నువ్వేనని రాశావు.

సోమవారం ఆపరేషన్.

సత్తెమ్మ


నిజాంపేట,
3 జూలై 2025, గురువారం

చిన్నమ్మా,

నిన్న నీ ఉత్తరం ఆఫీసు లిఫ్టులో చదివాను. పన్నెండో అంతస్తులో దిగాల్సినదాన్ని పైదాకా పోయి, మళ్లీ కిందిదాకా వచ్చాను. తప్పు నాదే. ఇరవై ఏడున నీకు రాసిన ఉత్తరం నేను రాయకుండా ఉండాల్సింది. నిజం చెప్పాలంటే, ఆ రోజు ఫిర్యాదు నంబరు తీసుకుని నా పని అయిపోయిందనుకున్నాను. అది ఏమైందో మళ్లీ చూడలేదు.

నిన్న చూస్తే తెలిసింది. మనిషి పేరు మూసేయడానికి మేం గుమాస్తాకు అయిదు మెట్లు రాసిచ్చాం. మూసిన పేరు తెరవడానికి ఒక్క మెట్టు కూడా రాయలేదు. బీమా వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌లో మరణ తేదీ పడగానే ఆ గడికి తాళం పడుతుంది. నా ఫిర్యాదు గుమాస్తా దగ్గరికే పోయింది. అది తాళం చూసి, "ఈ సభ్యుడు లేరు, ఫిర్యాదు ముగిసింది" అని మూసేసింది.

దినేశ్ గారి దగ్గరికి పోయాను.

"ఒక్క కేసే కదండీ. ఆయనది చేత్తో సరిచేయించేద్దాం. పదో తేదీ దాకా దీన్ని కదపొద్దండీ" అన్నారు.

"ఒక్కటే అని మనకెట్లా తెలుసు సార్?" అన్నాను.

"ఫిర్యాదులు రాలేదు కదా."

"మహేందర్ వాళ్లు కూడా ఫిర్యాదు చేయలేదు సార్. మా చిన్నమ్మ నాకు రాసింది, అంతే."

నేనూ తేజస్వినీ కూర్చుని, ఈ మూడున్నర వారాల్లో పంతులు మరణం అని తేల్చిన ఉత్తరాలన్నీ తీశాం. రెండు వందల పద్నాలుగు. డెత్ సర్టిఫికెట్ జతచేసినవి పక్కన పెడితే, వట్టి మాటల మీద తేల్చినవి ముప్పై ఎనిమిది. వాటిలో పన్నెండు మందికి నిన్న ఫోన్ చేశాం. నలుగురు బతికే ఉన్నారు చిన్నమ్మా. ఒకాయన దుబాయ్ పోయాడు. ఒకామె పుట్టింట్లో ఉంది. నిజామాబాద్ నుంచి సరిత అని ఒకామె, "పోయిండు, ఇంకోదాన్ని తీస్కొని పోయిండు. పోతే పోనీ, బీమా మాత్రం నాకుండాలె" అంది. నాలుగో ఆయన తనే ఫోన్ ఎత్తాడు. నాకు ఏం అడగాలో తెలియక, ఆరోగ్యం బాగుందా అని అడిగి పెట్టేశాను.

ఇవాళ పొద్దున పంతులునీ గుమాస్తానీ విడదీశాను. ఎవరినీ అడగలేదు, నేనే ఆపేశాను. దినేశ్ గారి మొహం ఎర్రబడింది. "పదో తేదీన క్లయింటుకు ఏం చెప్తారో మీరే చెప్పుకోండి" అన్నారు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. ఆ తాళం తీసే అధికారం నెలవంక పెద్దాఫీసులో సుష్మ గారికి ఉంది. ఫోన్లో మాట్లాడాను. మహేందర్ బతికే ఉన్నాడని డాక్టరు సంతకంతో ఒక కాగితం, ఆధార్, ఇవాళ్టి ఫొటో కావాలంటున్నారు. అటువంటి కాగితానికి నమూనా వాళ్ల దగ్గరా లేదు, మా దగ్గరా లేదు. నువ్వేమైనా చేయగలవా? శుక్రవారం సాయంత్రంలోపు అందాలి.

నా మీద కోపం ఉంటే ఉండనీ. ఇది మాత్రం చెయ్యి.

రోహిణి


సిరిసిల్ల,
9 జూలై 2025

బిడ్డా రోహిణీ,

ఆపరేషన్ అయింది. మహేందర్ బాగున్నాడు. ముందు అది రాస్తే నువ్వు ఊపిరి పీల్చుకుంటావని ముందే రాశాను.

నమూనా లేదన్నావు. మా పెన్షన్ వాళ్లం ఏటా నవంబరులో ట్రెజరీకి ఏం ఇస్తాం? బతికే ఉన్నామని కాగితమే కదా! దాన్నే ముందు పెట్టుకుని, "పెన్షనరు" అన్నచోట "బీమా సభ్యుడు" అని రాసి, శుక్రవారం పొద్దునే మహేందర్‌ను స్కూటీ వెనుక కూర్చోబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి పోయాను. కొత్త డాక్టరమ్మ యశస్విని కాగితం చూసి, "నా సర్వీసుల ఇసుంటిది మొదటిసారి సత్తెమ్మగారూ" అని నవ్వింది. నవ్వినా సరే, నాడి చూసి, బీపీ చూసి, గుండె విని అప్పుడే సంతకం పెట్టింది. నాకు ఆ పిల్ల నచ్చింది.

శనివారం మధ్యాహ్నం దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది, కార్డు పనిచేస్తోందని. సోమవారం తీసుకుపోతే అదే కౌంటరు, అదే అమ్మాయి. మహేందర్ కార్డు ఇస్తూ, "నేనే మేడం, మళ్లొచ్చిన" అన్నాడు. ఆ అమ్మాయి సిగ్గుపడి లేచి నిలబడింది. డాక్టరు చెప్పాడు, ఇంకో వారం ఆగితే పేగు పాడయ్యేదట. మూడు నెలలు బరువు మోయొద్దన్నాడు. భీవండి సేటు అప్పటిదాకా పని ఉంచుతాడో లేదో తెలియదు. యాదమ్మ మాత్రం, "ఉంచకుంటే ఈడనే బీడీ కట్టలు కట్టుకుంట కూసుంటడు, నా కండ్ల ముందలుంటడు" అంటోంది.

ఇంకో కాగితం కూడా ఫొటో తీసి పెట్టాను, చూడు. మన దిక్కు జనం చావును ఎన్ని రకాలుగా చెబుతారో గుర్తున్నంతవరకు రాశాను. పోయిండు, లేడు, కాలం చేసిండు, దాటిపోయిండు, కండ్లు మూసిండు, దేవుని దగ్గరికి పోయిండు, మాకు కాకుండ పోయిండు. నలభై దాకా ఉన్నాయి. వీటిలో ఏది బతికున్నవాళ్లకు కూడా వాడతారో పక్కన గీత పెట్టాను. చిన్నాయన కూడా మూడు చెప్పాడు, వాటిలో ఒకటి రాయడానికి బాగుండదని వదిలేశాను.

అసలు సంగతికి వస్తున్నాను. నీ ఉత్తరంలో "ఆపేశాను" అని రాశావు. చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఉద్యోగం ఆపేశావా? నాలుగు మాటలు అన్నానని ఉద్యోగం వదులుకుంటారా ఎవరైనా? చిన్నాయన నీ కోసం పై గది ఊడ్పించాడు. నువ్వు వచ్చెయ్, ఇక్కడ చూసుకుందాం.

ఆ రోజు నీ ఉత్తరానికి నాకు కోపం వచ్చిన మాట నిజం. ఇప్పుడు లేదు.

నీ చిన్నమ్మ
సత్తెమ్మ


నిజాంపేట,
20 జూలై 2025, ఆదివారం

చిన్నమ్మా,

పై గదిలో మళ్లీ మోటార్లు పెట్టుకొమ్మని చిన్నాయనకు చెప్పు. నేను ఆపింది ఉద్యోగం కాదు, మిషన్ను! నేను వెంటనే జవాబు రాసి ఉండాల్సింది. కానీ ఈ పది రోజులూ ఎట్లా గడిచాయో నాకే తెలియదు.

పదో తారీఖున నెలవంక వాళ్లు నలుగురు వచ్చారు. సుష్మ గారు కూడా వచ్చారు. దినేశ్ గారు నా పక్కన కూర్చుని చెమటలు తుడుచుకుంటూనే ఉన్నారు. నేను పంతులు ఎంత బాగా చదువుతుందో చూపించాను, అది అబద్ధం కాదు కదా. తర్వాత మహేందర్ సంగతి చెప్పాను. తొంభై దాటితే మనిషి చూడక్కర్లేదని రాసింది నేనేనని చెప్పాను. వాళ్లలో పెద్దాయన, "ఇది మాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు. ఆశ్చర్యం ఏమిటంటే, దినేశ్ గారు లేచి, "ఆవిడ అప్పుడే అన్నారండీ, పదో తేదీ దాకా కదపొద్దన్నది నేను" అన్నారు. నేను ఆయన వైపు చూస్తే ఆయన నా వైపు చూడలేదు. బయటికొచ్చాక, "కాఫీ తాగుదామా అండీ" అని మాత్రం అన్నారు.

ఫ్లోరు నాకు ఇవ్వలేదు. ప్రవళిక అని బెంగళూరు ఆఫీసు నుంచి వస్తోంది. రెండు రోజులు బాధపడ్డాను, దాచడం ఎందుకు. మంచి అమ్మాయే అంటున్నారు. జత పని మాత్రం నాకే ఉంచారు, నేను చెప్పిన పద్ధతిలో. పంతులు చదువుతుంది, గుమాస్తా కాగితాలు సర్ది పెడుతుంది. ఒకరి పేరు మూసే ముందు మాత్రం మనిషి ఫోన్ చేసి అడగాలి. తేజస్విని వాళ్ల ఆరుగురిలో నలుగురు వెనక్కి వచ్చారు. మూసిన పేరు తెరిచే మెట్లు మొట్టమొదట రాయించాను. ఒక్క రోజు అన్నది ఇప్పుడు మూడు రోజులైంది, సుష్మ గారు పర్వాలేదన్నారు. నీ నలభై మాటల కాగితం పంతులుకు నేర్పాం. చిన్నాయన చెప్పిన మూడోది కూడా పంపించు, అవసరం పడవచ్చు.

వట్టి మాటల మీద మూసిన పేర్లన్నీ ముందు సుష్మ గారి చేత తెరిపించి, మిగిలిన ఇరవై ఆరు మందికీ నేనే ఫోన్ చేశాను. ఇంకో అయిదుగురు బతికున్నవాళ్లు తేలారు. వాళ్ల పేర్లు అట్లాగే తెరిచి ఉంచాం.

ఆఖరి ఫోన్ గురించి నీకు చెప్పాలి. లింగంపల్లిలో వెంకటనారాయణ గారని, రైల్వేలో చేసి రిటైరయ్యారు. భార్య గురించి ఆయన రాసిన ఉత్తరం నాలుగే లైన్లు. అందులో "లేదు" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు కాబట్టి అడగక తప్పలేదు.

"సార్, నెలవంక బీమా నుంచి చేస్తున్నాను. రుక్కమ్మ గారు..." అని ఆగిపోయాను.

"లేదమ్మా. పోయిన నెల పదో తారీఖు" అన్నారు.

పంతులు ఆ ఉత్తరాన్ని సరిగ్గానే చదివింది. నేను క్షమించమని అడిగి, సరిచూసుకోవడానికే చేశానని చెప్పి, పెట్టేయబోయాను. ఆయన అన్నారు, "మీ మెసేజొచ్చింది బిడ్డా. నేను ఉత్తరం పంపి చాయ పెట్టుకునేసరికే వచ్చింది. గింత జల్ది ఎవరు చదివిన్రా అనుకున్న."

అబద్ధం చెప్పాలనిపించలేదు. "అప్పుడు ఎవరూ చదవలేదు సార్. ఇవాళ నేను చదివాను" అన్నాను.

అటువైపు గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"ఏం రాసిన్నో నాకే యాది లేదు. జర చదువు" అన్నారు.

చదివాను. "అయ్యా, మా ఇంట్ల రుక్కమ్మ ఇగ లేదు. మీ కార్డు మీద రెండు పేర్లున్నయ్. ఒకటి తీసేయాలె. తొందర లేదు, మీకు వీలైనప్పుడే తీయుండ్రి."

చివరి మాట చదివి ఆగాను చిన్నమ్మా. నా చుట్టూ అరవై మంది కీబోర్డులు కొడుతున్నారు.

"ఆ. గట్లనే రాసిన" అన్నారు. "సరే బిడ్డా, ఇగ తీసెయ్."

అప్పుడు నేనే మౌసు పట్టుకుని, ఆమె పేరు దగ్గరికి పోయి నొక్కాను.

నీ రోహిణి